ఎలుగుబంటి ఎదుట చేతిలో ఏమి ఉండవలెను?



గత నెల ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మన సంఘ సహోదరి ఒకరు మా యొద్దకు వచ్చారు. చేతిసంచిలోనుండి ఫోను తీసి, "సారూ, మావాడు ఏమి వ్రాశాడో చూడండి. చదివినప్పటినుండి నాకు నిద్ర పట్టడము లేదు" అన్నారు. ఆమె కుమారుడు మన ఆదివారపు బడిలో పెరిగినవాడే. ఇప్పుడు అమెరికాలోని మోంటానా రాష్ట్రములో ఉద్యోగము చేస్తున్నాడు. అక్కడ అతని తోటి ఉద్యోగులు ఆకు రాలే కాలములో ఎల్క్ అనే పెద్ద దుప్పుల వేటకు వెళ్తారట. ఈ సంవత్సరము ఇతనినీ రమ్మన్నారు. ఆ కొండలలో గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరుగుతాయి గనుక వేట తుపాకి గాక నడుముకు ఒక పిస్తోలు కూడ పెట్టుకోమని సలహా ఇచ్చారు. "ఏ పిస్తోలు కొనాలో ఇక్కడివాళ్లు చెబుతారు తాతగారూ. కొనడము తప్పా ఒప్పా అన్నది మీరు చెప్పండి" అని అతడు వ్రాశాడు.

మొదట మాకు నవ్వు వచ్చింది. ఉద్యోగమున్నంత కాలము సుద్దముక్క తప్ప మరొకటి పట్టని చేతులు మావి. పిస్తోలు సంగతి మమ్ములను అడగడమేమిటి అనుకున్నాము. ఇంటికి నడుస్తుండగా దారిలోనే ఆ నవ్వు పోయింది. తుపాకి విషయములో మేము ఇదివరకు ఒకసారి సలహా ఇచ్చినవారమే. ఆ సంగతి కొంచెము ముందుకు పోయిన తరువాత చెబుతాము.

ఆ తల్లికి మాత్రమే జవాబు చెప్పి ఊరుకోవచ్చును. కాని మన పిల్లలు ఈనాడు ఎక్కడెక్కడనో ఉన్నారు. మన పెద్దలు పొట్ట చేతపట్టుకొని బళ్లారికి, హోస్పేటకు, గంజాముకు, షోలాపురానికి వచ్చినట్లే వారూ వెళ్లారు. క్రొత్త ఊరిలో క్రొత్త ప్రశ్నలు ఎదురగుట సహజము. అందుచేత పేర్లు చెప్పకుండా ఆ జవాబును ఇక్కడ వ్రాస్తున్నాము.

ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిన మొదటి సంగతి, వస్తువును తెలిసికొనకుండా దానిని గురించి తీర్పు చెప్పరాదు అన్నది. కనుక ముందు వస్తువును చూద్దాము.

మన కొండలలో ఉన్న ఎలుగు బాగా ఎదిగిన మగదైతే నూరు, నూట నలభై కిలోల బరువు ఉంటుంది. గ్రిజ్లీ మగది 180 నుండి 360 కిలోల వరకు తూగుతుంది. అంత బరువున్నా గంటకు 55 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తగలదు. అనగా ముప్పై మీటర్ల దూరము దానికి రెండు సెకండ్ల పని. మనము "అమ్మో" అనేలోపల అది మీదికి వస్తుంది. అలాస్కాలో ఈ జాతి ఎలుగులు సుమారు 30,000 ఉన్నాయి. మోంటానా మొదలైన దిగువ రాష్ట్రములలో అన్నీ కలిపి సుమారు రెండు వేలు మాత్రమే మిగిలాయి. 1975 నుండి అక్కడ వాటికి చట్టపు రక్షణ ఉన్నది. దుప్పిని వేటాడవచ్చును గాని గ్రిజ్లీని వేటాడరాదు.

మామూలుగా కొండలు చూడబోయిన వారికంటె వేటగానికి ఎలుగుతో ప్రమాదము ఎక్కువ. కారణము సులభముగానే తెలుస్తుంది. చూడబోయినవారు నలుగురు కలిసి మాటలాడుకుంటూ నడుస్తారు. ఆ చప్పుడుకు ఎలుగు తప్పుకొంటుంది. వేటగాడు అడుగుల చప్పుడు కూడ వినబడనీయడు. గాలికి ఎదురుగా నడుస్తాడు. తెల్లవారుజామునను చీకటిపడు వేళను తిరుగుతాడు. దుప్పి కూత కూస్తాడు. దుప్పి పడిన తరువాత దానిని కోసి పేగులు తీస్తాడు. ఆ నెత్తురు వాసనకు ఎలుగు వస్తుంది. అనగా వేటగాడు ఎలుగును దూరముగా ఉంచే పనులన్నీ మాని, దగ్గరకు పిలిచే పనులన్నీ చేస్తాడు.

ఇక పిస్తోలు మాట. ఆ దేశములో ఈ విషయము మీద ఎడతెగని వాదన ఉన్నదట. పాతకాలపువారు 1955లో వచ్చిన .44 మాగ్నం రివాల్వరే మేలు అంటారు. అందులో సాధారణముగా ఆరు గుండ్లు పడతాయి. అది ఇరుక్కుపోవడము తక్కువ. ఎలుగు మీద పడినప్పుడు దాని ఒంటికి ఆనించి కాల్చినా పేలుతుంది. నేటివారిలో చాలమంది 10 మిల్లీమీటర్ల పిస్తోలు చాలునంటారు. గ్లాక్ కంపెనీ చేసే అటువంటి పిస్తోలులో పదిహేను గుండ్లు పడతాయి, ఒకదాని వెంట ఒకటి త్వరగా కాల్చవచ్చును. 2003లో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ .500 మాగ్నం అనే మహా పెద్దదానిని తెచ్చింది. అయితే అది కాల్చగానే చేతిని వెనుకకు విసరికొట్టుతుంది, రెండవ గుండుకు గురి కుదరడము కష్టము. గుండు విషయములో మాత్రము అందరిదీ ఇంచుమించు ఒకే మాట. మెత్తని సీసపు గుండు తగలగానే విచ్చుకొని పైపైన ఆగిపోతుంది. ఎలుగుకు దట్టమైన కండ, గట్టి ఎముక ఉంటాయి గనుక విచ్చుకొనక లోతుగా దిగే గట్టి గుండు కావలెనంటారు.

2016లో అలాస్కాలో ఒక మార్గదర్శి, చిన్నదిగా ఎంచబడే 9 మిల్లీమీటర్ల పిస్తోలుతోనే మీదికి వచ్చిన పెద్ద ఎలుగును ఆపి, తన వెంట ఉన్న ఇద్దరిని కాపాడాడు. ఆయన అనేక సంవత్సరములు ఆ అడవులలో తిరిగినవాడు. పిస్తోలు చిన్నదే గాని దానిని పట్టిన చెయ్యి అలవాటుపడిన చెయ్యి. దీనినిబట్టి ఏ పిస్తోలు అన్నది రెండవ ప్రశ్న అనియు, ఎవరి చెయ్యి అన్నది మొదటి ప్రశ్న అనియు తెలుస్తున్నది.

పిస్తోలు గాక మరొక సాధనము కూడ ఉన్నది. అది మిరపకారపు ఘాటును పీపాలో కుక్కి చేసిన స్ప్రే. మీట నొక్కితే ఏడెనిమిది మీటర్ల దూరము మేఘమువలె చిమ్ముతుంది. ఎలుగు కన్నులు, ముక్కు మండి వెనుదిరుగుతుంది, చావదు. టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో మొదలైన శాస్త్రజ్ఞులు అలాస్కాలో జరిగిన సంఘటనలను కూర్చి 2008లో ఒక పరిశోధన ప్రకటించారు. గోధుమరంగు ఎలుగుల మీద స్ప్రే వాడినప్పుడు నూటికి 92 సార్లు అది పనిచేసిందనియు, ఎలుగు దగ్గరకు వచ్చిన సందర్భములలో స్ప్రే ఉన్నవారిలో నూటికి 98 మంది దెబ్బ తగలకుండ బయటపడ్డారనియు వారు తేల్చారు. తుపాకులను గురించి 2012లో ప్రకటించిన పరిశోధనలో 269 సంఘటనలను పరిశీలించారు. పిస్తోళ్లు నూటికి 84 సార్లు, పొడవు తుపాకులు 76 సార్లు పనిచేశాయి. తుపాకి కాల్చినవారికిని, చేతిలో ఉండియు కాల్చనివారికిని దెబ్బలు తగలడములో పెద్ద తేడా కనబడలేదు.

లెక్కలు చెప్పినప్పుడు న్యాయముగా చెప్పవలెను. ఈ రెండు పరిశోధనలలోని సంఘటనలు ఒకే విధమైనవి కావు. స్ప్రే వాడిన చోట్ల కొన్ని ఎలుగులు కోపముతో గాక వింత చూడవచ్చినవి. ఎదురుగాలి వీస్తే కారము మన కన్నులలోనే పడవచ్చును. కాబట్టి స్ప్రే ఉంటే ఇక భయము లేదని చెప్పలేము. అయినను ప్రాణము తీయకుండ ప్రాణము కాపాడుకొనే సాధనము ఒకటి ఉన్నది, అది బాగుగానే పనిచేస్తున్నది, అన్నంతవరకు నిశ్చయముగా చెప్పవచ్చును. గ్రాండ్ టీటన్ జాతీయవనములో అనుమతి మీద ఎల్క్‌ను వేటాడేవారు ఈ స్ప్రేను తప్పక వెంట ఉంచుకోవలెనని నియమమే ఉన్నది.

ఇప్పుడు మా సంగతి.

మేము శిక్షణ ముగించుకొని మొదట పనిచేసిన పల్లె సండూరు కొండల క్రింద ఉన్నది. అక్కడి రైతులలో ఎక్కువమంది మన తెలుగువారే. వేరుశెనగ పంట చేతికి వచ్చే దినములలో రాత్రులు ఎలుగులు దిగి చేను త్రవ్విపోసేవి. 1981లో తెల్లవారకముందు చేనికి పోయిన ఒక ఇల్లాలిని ఎలుగు ముఖము మీద కొట్టింది. ఆమె బ్రతికింది గాని ఒక కన్ను పోయింది. ఊరివారందరు కూడి, పంట కాపలాకు ఒక తుపాకి లైసెన్సు కావలెనని అర్జీ పెట్టుకోదలిచారు. ఊరిలో అర్జీ వ్రాయగలవారము మేమే. ఒక రాత్రి లాంతరు దగ్గర కూర్చుండి బహు చక్కగా వ్రాశాము. ఆ ఇల్లాలి కన్ను సంగతి చదివినవారి గుండె కరిగేటట్లు వ్రాశాము. లైసెన్సు వచ్చింది. మందు కూరి కాల్చే ఒంటి గొట్టపు తుపాకి వచ్చింది. ఊరంతా మమ్ములను మెచ్చుకున్నారు.

రెండు సంవత్సరములు అది ఒక్క ఎలుగును కూడ చంపలేదు. ఆకాశములోనికి కాలిస్తే చాలు, ఎలుగులు పారిపోయేవి. మూడవ సంవత్సరము ఒక రాత్రి కాపలావాడు మంచె మీద ఒంటరిగా ఉన్నాడు. గట్టున పొద కదిలింది. ముందు వారము ఎలుగు వచ్చింది ఆ గట్టుమీదనే. అతడు కాల్చాడు. పొదలో ఉన్నది అతని చెల్లెలి కొడుకు. పన్నెండేళ్ల పిల్లవాడు, మా తరగతిలో చదువుతున్నవాడు. మామకు సంగటి ముద్ద తెస్తూ, బెదరిద్దామని పొద చాటున కూర్చున్నాడు. ప్రాణము దక్కింది. మోకాలి క్రింద కాలు తీసివేశారు.

మరునాడే ఆ మనిషి తుపాకిని ఠాణాలో అప్పగించాడు. కొన్ని దినములకు బడి దగ్గరకు వచ్చి గుమ్మములో నిలబడి మాతో ఒకే ఒక్క మాట అన్నాడు. "అర్జీ బాగా వ్రాసినారు సారూ. ఏది కాల్చవచ్చో ఏది కాల్చకూడదో ఎట్ల తెలుసుకోవల్లనో అందులో ఎక్కడా లేకపాయె." అతడు కోపముతో అనలేదు. కోపముతో అని ఉంటే మేము ఏదో సమాధానము చెప్పుకొని ఉండేవారము. ఆ పిల్లవాడు ఇప్పుడు యాభై దాటిన మనిషి, హోస్పేటలో సైకిలు షాపు నడుపుకుంటున్నాడు. దారిలో కనబడితే ఇప్పటికీ లేచి నిలబడి నమస్కారము చేస్తాడు. మేము అతని ముఖము వైపే చూస్తాము, క్రిందికి చూడలేము.

అందుకే మాకు నవ్వు పోయింది. నలభై ఏళ్ల తరువాత మరల ఒక తల్లి తుపాకిని గురించి మా చేతికి కాగితమిచ్చి వ్రాయుమంటున్నది.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాము. మీదికి వచ్చిన మృగమును చంపి ప్రాణము కాపాడుకొనుట తప్పా? తప్పు కాదు. దావీదు గొఱ్ఱెల కాపరిగా ఉండి ఎలుగుబంటిని చంపిన సంగతి మనము పిల్లలకు చెప్పుచునే ఉన్నాము. ఎవరును దానిని పాపమని చెప్పలేదు. అయితే ఆ కథలో ఒక సంగతి మనము తొందరగా దాటిపోతాము. దావీదు ఎలుగును వెదకుకొంటూ పోలేదు. ఎలుగే మందలోనికి వచ్చి గొఱ్ఱెపిల్లను ఎత్తుకుపోయింది. అతడు కాపాడింది కూడ తన ప్రాణమును కాదు, తనకు అప్పగింపబడిన దానిని.

మన దేశపు చట్టము కూడ ఈ భేదమును చక్కగా పట్టుకొన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో పదకొండవ సెక్షను ఉన్నది. ఆత్మరక్షణ కొరకు సద్బుద్ధితో అడవి మృగమును చంపినవాడు నేరస్థుడు కాడని అది చెబుతుంది. వెంటనే మరొక మాట చేర్చింది. ఆ అవసరము కలిగిన వేళ ఆ మనిషి చట్టవిరుద్ధమైన పని చేస్తూ ఉండినయెడల ఈ మినహాయింపు అతనికి వర్తించదు. అనగా దొంగవేటకు పోయినవాడు "ఎలుగు మీదికి వచ్చింది, కాల్చాను" అంటే చెల్లదు. కాల్చిన క్షణమును మాత్రమే గాక, ఆ క్షణము వరకు నడిచివచ్చిన దారిని కూడ చూడవలెనన్నమాట. ఇది చట్టము మాటే గాని మనస్సాక్షి మాట కూడ ఇదే.

అయితే మోంటానాలో లైసెన్సు తీసికొని దుప్పిని వేటాడుట దొంగవేట కాదు. ఆ వేటను మేము నిందింపబోము. క్రిస్మసుకు వేటమాంసము వండించుకొనే మనము, తన మాంసమును తానే కష్టపడి తెచ్చుకొనేవానిని తప్పుపట్టుట సరికాదు. పైగా ఆ దేశములో 1937లో వచ్చిన చట్టము ప్రకారము తుపాకుల మీదను మందుగుండు మీదను వేసిన పన్నును వన్యప్రాణుల సంరక్షణకు వాడుతున్నారు. కనుక అతడు అక్కడ న్యాయముగానే నిలుచుచున్నాడు. అయినను ఒక సంగతి మిగులుతుంది. ఆ కొండ ఎలుగు ఇల్లు. ఇతడు అతిథి. ఆహారము కొరకు మరొక దారి లేక పోయినవాడు కాడు, సరదాకు పోయినవాడు. అతిథి ఇంటివానిని కాల్చవలసి వస్తే, ఆ అవసరము రాకుండ తాను చేయగలిగినదంతా చేసి ఉండవలెను. మా పల్లె రైతుకు ఆ భారము ఇంత లేదు. ఎలుగు అతని చేనులోనికి వచ్చింది. ఉద్దానము కొబ్బరితోటలలో, జీడితోటలలో ఎలుగుకు ఎదురుపడే కూలివానికి అసలే లేదు. అదే ఎలుగు, అదే భయము. కాని పూచీ మాత్రము సమానము కాదు.

అట్లయితే ఏ ఆయుధము లేకుండ పోవుట పుణ్యమా? అదీ కాదు. తిమోతీ ట్రెడ్‌వెల్ అనే మనిషి అలాస్కాలోని కాట్మై వనములో పదమూడు వేసవికాలములు ఎలుగుల మధ్యనే గడిపాడు. వాటిని ప్రేమించాడు, వాటికి పేర్లు పెట్టాడు. తుపాకి ఉంచుకోలేదు, చివరకు స్ప్రే కూడ ఉంచుకోలేదు. 2003 అక్టోబరులో ఒక ఎలుగు ఆయనను, ఆయనతో కూడ ఉన్న స్త్రీని చంపింది. తరువాత అక్కడికి వెళ్లిన అధికారులు రెండు ఎలుగులను కాల్చవలసి వచ్చింది. ఆయన ప్రేమ నిజమైనదే కావచ్చును. ఆ ప్రేమకు మూల్యము చెల్లించినవారిలో మాత్రము ఆయనతోపాటు మరొక మనిషి, రెండు మృగములు ఉన్నాయి. చేయి వట్టిదిగా ఉన్నంత మాత్రమున నిర్దోషమైనది కాదు. జాగ్రత్త లేని మంచితనము ఇతరుల మీద పడే అప్పు.

ఆయుధమునకు ఇంకొక గుణము ఉన్నది. అది చేతిలో ఉన్నవాని కన్నును మార్చుతుంది. తుపాకి లేని కాపలావాడు పొద కదిలితే "ఎవరురా అది?" అని అరిచేవాడు. తుపాకి ఉన్నవాడు అరవలేదు. నడుమున పిస్తోలు ఉన్నదన్న ధైర్యముతో మనిషి రెండడుగులు ఎక్కువ లోపలికి పోతాడు, వెనుకకు రావలసిన చోట నిలబడతాడు. ధైర్యము మంచిదే గాని అది మనలోనిదా, నడుమున కట్టుకొన్న తోలుసంచిలోనిదా అన్నది తెలిసికొనవలెను.

ఆ బాబుకు మేము ఈ విధముగా వ్రాశాము.

నాయనా, ముందు ఆ దేశపు చట్టము చూచుకో. తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి ఉంచుకొనుట సాధారణముగా అక్కడ నేరము. రాష్ట్రము ఇచ్చిన వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నది. నీ పరిస్థితి ఏదో తెలిసినవారిని అడుగు, స్నేహితుల మాట మీద పోకు. తరువాత స్ప్రే కొని, సంచి అడుగున గాక చేతికి అందేచోట పెట్టుకొని, దానిని తీసి వాడుట అభ్యాసము చేయి. ఒంటరిగా పోకు. దుప్పి పడితే చీకటిపడకముందే మాంసము తెచ్చుకో.

పిస్తోలు విషయములో మేము చెప్పేది ఇది. ఒక కాలమంతా గురి నేర్చుకొని, రెండు సెకండ్లలో తీసి, ఎదుట ఉన్నది ఎలుగో నీ స్నేహితుడో నిశ్చయము చేసికొని కాల్చగలనని నీవు నిజముగా చెప్పగలిగితే, దానిని ఉంచుకొనుట తప్పు కాదు. అది చెప్పలేకపోతే ఎంత మంచి పిస్తోలైనా నీ వెంట నడిచేవారికి ఎలుగుకంటె ఎక్కువ ప్రమాదము. అప్పుడు దానిని ఉంచుకొనుటయే తప్పు.

ఇంకొక ప్రశ్న నిన్ను నీవు వేసికో. ఎంతో శ్రమపడి నీవు పడగొట్టిన దుప్పిని ఎలుగు వచ్చి ఆక్రమించుకొన్నది అనుకో. దానిని అక్కడనే వదలి, మెల్లగా వెనుకకు నడిచి, వట్టి చేతులతో ఇంటికి రాగలవా? రాగలిగితే పో. "నా దుప్పి నాది" అని పిస్తోలు మీద చెయ్యి వేసేటట్లుంటే మాత్రము, నాయనా, ఈ సంవత్సరము ఇంటివద్దనే ఉండు. అప్పుడు నీవు కాపాడుకొనేది ప్రాణమును కాదు, మాంసమును.

ఉత్తరము ముగించి ఆ తల్లికి చదివి వినిపించాము. "కొనమన్నట్టా వద్దన్నట్టా సారూ?" అని ఆమె అడిగారు. అది అతడే తేల్చుకోవలెనమ్మా అన్నాము. ఆమెకు అది పూర్తిగా తృప్తి కలిగించలేదు. మాకును కలిగించలేదు. 1981లో మేము వ్రాసిన అర్జీ ఎవరికిని సందేహము మిగల్చలేదు. ఈసారి కొంచెము సందేహము మిగిల్చి వ్రాయుటయే మంచిదని తోచింది.

పది దినములకు జవాబు వచ్చింది. స్ప్రే కొన్నాడట. పిస్తోలు సంగతి వచ్చే సంవత్సరము చూస్తానన్నాడు. ఆఖరు ప్రశ్నకు మాత్రము ఇంకను సమాధానము చెప్పుకోలేకున్నానని వ్రాశాడు. ఆ మాట చదివిన తరువాత అతనిని గురించి మాకు భయము కొంత తగ్గింది.

ఈ విషయములో మాకంటె ఎక్కువ తెలిసినవారును, వేరుగా తలంచువారును మన సంఘములలో ఉండవచ్చును. తప్పక వ్రాయండి.

— ఒక సంఘ పెద్ద